చిట్టా పుస్తకం పక్కన పెడితే ఏ యాప్ పట్టుకోవాలి? చిన్న వ్యాపారానికి ఫ్రీ, చౌక సాఫ్ట్‌వేర్‌ల పోలిక

మా చెల్లెలి కాపురం నందిగామలో. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. నాకు ఖమ్మంలో రెడీమేడ్ బట్టల షాపు ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు "అన్నయ్యా, నీ షాపులో ఉన్న సాఫ్ట్‌వేరే నా లాప్‌టాప్‌లో కూడా ఎక్కించవా" అని అడిగింది. వద్దన్నాను. నాకు పనికొచ్చేది తనకు దండగ. తనకు సరిపోయేది నా కౌంటర్‌లో ఒక్క ఆదివారం కూడా నిలవదు. ఎందుకో చెప్పడానికి కూర్చుంటే గంట పట్టింది. ఆ గంటలో చెప్పినదీ, అప్పుడు గుర్తు రాక తర్వాత ఫోన్‌లో చెప్పినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఫ్రీ సంగతి. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో చేరేటప్పుడు ఖర్చుండదు, ఉంటే బయటకు వచ్చేటప్పుడే ఉంటుంది. కొన్నేళ్ల కిందట నేనొక బిల్లింగ్ యాప్ వాడాను, పేరెందుకులెండి. ఏడాదిన్నర హాయిగా నడిచింది. ఒకరోజు తెరిస్తే పాత బిల్లులన్నీ కనిపిస్తున్నాయి గానీ ఎక్సెల్‌లోకి దించుకునే బటన్ మీద తాళం బొమ్మ వచ్చి కూర్చుంది. చందా కడితేనే తెరుచుకుంటుందట. ఆడిటర్ గారికేమో ఏడాది అమ్మకాలు ఇవ్వాలి. పంతానికి పోయి, మా షాపు కుర్రాడూ నేనూ రెండు రాత్రులు కూర్చుని స్క్రీన్ మీద చూస్తూ బిల్లులన్నీ మళ్లీ టైపు చేశాం. తర్వాత లెక్కేసుకుంటే ఆ చందా పెద్ద మొత్తమేమీ కాదు. కట్టేసి ఉంటే కంటి నిండా నిద్రైనా దక్కేది.

అప్పటి నుంచి ఏ యాప్ చూసినా మొదట ఎగుమతి బటన్ వెతుకుతాను. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు లెక్కల పుస్తకాలనీ బిల్లులనీ వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు దాచాలి. అంటే ఆరేళ్లు. యాప్ ఆరేళ్లు ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు? ఎక్సెల్ ఫైలు, పీడీఎఫ్ మాత్రం మన దగ్గరే ఉంటాయి.

అసలు మీకు జీఎస్టీ బిల్లు కావాలా?

ఏది కొనాలో తేల్చేది సగం ఈ ప్రశ్నే. ఇక్కడే నాకూ మా చెల్లెలికీ దారులు వేరయ్యాయి. సరుకులు అమ్మే వ్యాపారానికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలంగాణలో ఆ గీత 20 లక్షల దగ్గరే ఉంది. సేవలు అందించేవాళ్లకు రెండు చోట్లా 20 లక్షలే. "అయితే నాకు ఇప్పట్లో గొడవ లేదు" అని తను సంబరపడింది. "హైదరాబాద్‌కి పార్సిళ్లు పంపుతున్నావు కదా?" అన్నాను. నందిగామ నుంచి హైదరాబాద్‌కి సరుకు పంపితే అది రాష్ట్రం దాటిన అమ్మకం. సరుకు రాష్ట్రం దాటించి అమ్మేవాళ్లకు, టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ అడుగుతుంది చట్టం. రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల అలవాటు మనకింకా పోలేదు, హైదరాబాద్ పార్సిల్‌ని ఎవరూ పొరుగు రాష్ట్రం అమ్మకం అనుకోరు.

కాంపోజిషన్ స్కీమ్ సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. కోటిన్నర లోపు టర్నోవర్ ఉన్న వ్యాపారులు అందులో చేరితే అమ్మకం మీద 1 శాతం సొంత జేబులోంచి కట్టేస్తే చాలు. కానీ కస్టమర్ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, రాష్ట్రం బయటకు సరుకు అమ్మకూడదు. వీళ్లు ఇచ్చేది టాక్స్ ఇన్‌వాయిస్ కాదు, బిల్ ఆఫ్ సప్లై, అంటే పన్ను విడిగా చూపని బిల్లు. కాబట్టి మీరు కాంపోజిషన్‌లో ఉంటే, సాఫ్ట్‌వేర్‌లో ఆ సెట్టింగ్ ఉందో లేదో ముందే చూడండి. లేకపోతే ప్రతి బిల్లు మీదా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని అచ్చేసి ఇస్తూ ఉంటారు, నోటీసు వచ్చేదాకా తెలియదు.

ఉద్దెర ఖాతాలకు

మా వైపు ఉద్దెర అంటాం, చెల్లెలి అత్తగారి వైపు అరువు అంటారు. కిరాణా కొట్టుకీ, పాల కేంద్రానికీ, ఎరువుల షాపుకీ డబ్బు చిక్కుకునేది అక్కడే. జీఎస్టీ గొడవ లేని చిన్న కొట్టయితే పూర్తి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఖాతాబుక్, ఓకేక్రెడిట్ లాంటి యాప్‌లు చాలు. ఫ్రీ, ఫోన్‌లోనే నడుస్తాయి, తెలుగులో ఉంటాయి. పేరు, ఇచ్చింది, వచ్చింది, అంతే. చిట్టా రాసినవాళ్లెవరికైనా పది నిమిషాల్లో అలవాటవుతుంది. ఫోన్ పోయినా కొత్త ఫోన్‌లో అదే నంబర్‌తో లాగిన్ అయితే లెక్కలు తిరిగి వస్తాయి. ఖాతా పుస్తకం తడిస్తే ఆ భాగ్యం లేదు.

ఒక్క జాగ్రత్త. పద్దు రాయగానే కస్టమర్‌కి మెసేజ్ వెళ్లే సెట్టింగ్ ఉంటుంది, మొదటి రోజే అది చూసుకోండి. మా వీధిలో ఒక కొట్టాయన ఆ సంగతి తెలియక, ఊళ్లో పెద్దాయన బాకీ 340 రూపాయలు యాప్‌లో ఎక్కించాడు. మెసేజ్ వెళ్లింది. అరగంటలో పెద్దాయన వచ్చి 340 కౌంటర్ మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆయన ఇంటికి సరుకులు ఎదురు షాపు నుంచి వెళ్తున్నాయి. ఎవరికి మెసేజ్ పెట్టాలో, ఎవరిని కనిపించినప్పుడు "ఏమండీ, వీలు చూసుకుని" అని అడగాలో యాప్‌కి తెలియదు. అది మనమే ఒక్కొక్క పేరు పక్కనా సెట్ చేసుకోవాలి.

ఇలాంటి యాప్‌లకు ఆదాయం లోన్లు ఇప్పించడం, పెయిడ్ ప్లాన్‌లు అమ్మడం లాంటి వాటి నుంచి వస్తుంది. అందులో తప్పేమీ లేదు. లోన్ ఆఫర్ వచ్చినప్పుడల్లా నొక్కకుండా ఉంటే చాలు. కాంటాక్టులన్నీ చూడటానికి అనుమతి అడిగితే ఇవ్వకుండా, కావలసిన పేర్లు చేత్తో ఎక్కించుకోవచ్చు.

షీటు చేసే పని ఏ యాప్ చేయదు

మా చెల్లెలికి నేను మొదట పెట్టించింది గూగుల్ షీట్స్. నెట్ సరిగా రాని ఇల్లయితే లిబ్రే ఆఫీస్ కాల్క్ వేసుకోవచ్చు. అదీ పూర్తిగా ఉచితం, ఎక్సెల్ ఫైళ్లు తెరుస్తుంది.

తనకు అమ్మకాల లెక్క కష్టం కాదు, ఏ సీసా మీద ఎంత మిగులుతోందో తెలియడం లేదు, అదీ సమస్య. ఒక షీటులో మామిడికాయ, కారం, ఆవపిండి, ఉప్పు, పప్పునూనె, వెల్లుల్లి, సీసా, లేబుల్, అట్టపెట్టె, కొరియర్ అని వరుసలు వేశాం. ఒక్కో జాడీకి ఎంత పడిందో, అందులోంచి ఎన్ని కిలోలు తేలిందో రాయించాను. కిలో ఆవకాయ 450కి అమ్ముతోంది. లాభం వంద దాకా ఉంటుందని తన ధీమా. షీటు చూపించింది 38. మిగతాది ఎటు పోయిందా అని వరుసలన్నీ వెతికితే కొరియర్ దగ్గర దొరికింది. గాజు సీసా, దాని చుట్టూ బబుల్ షీటు, అట్టపెట్టె కలిసి కిలో పచ్చడి పార్సిల్ కిలోన్నర గీత దాటుతోంది. అరకిలో చొప్పున రేటు కట్టే కొరియర్‌కి ఆ నాలుగు గ్రాములకే పై స్లాబు పడుతుంది. సీసా బదులు మందపాటి పౌచ్‌కి మారింది. ఇది చెప్పిన సాఫ్ట్‌వేర్‌కి తను ఒక్క రూపాయి కట్టలేదు.

షీటుతో కష్టాలూ ఉన్నాయి. ఫోన్‌లో ఎంట్రీ చేయడం నరకం. ఒక గడిలో ఫార్ములా మీద వేలు పడి చెరిగిపోతే నెల చివర్లో గానీ తెలియదు. గూగుల్ షీట్స్‌లో పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే వీలుంది కాబట్టి బతికిపోతాం. రోజుకి ఇరవై ముప్ఫై బిల్లులు దాటాక షీటు వదిలేయాల్సిందే.

తెలుగులో రాసుకునేవాళ్లకు ఒక చిన్న మాట. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు ఇచ్చిన ధరల పట్టిక నుంచి కాపీ కొట్టి షీటులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. వాళ్లు వాడేది సాధారణంగా అను ఫాంట్లు, అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. తప్పు మీ కంప్యూటర్‌ది కాదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడాలి, లేదా ఫోన్ కీబోర్డుతో మళ్లీ టైపు చేసుకోవాలి.

ఆర్డర్లు తీసుకోవడానికి వాట్సాప్ బిజినెస్

దీనికి పోటీ ఉందని నేను అనుకోను. ఫ్రీ. మామూలు వాట్సాప్ వాడటం వచ్చినవాళ్లకు ఇదీ వచ్చినట్టే. క్యాటలాగ్‌లో పచ్చడి ఫొటో, బరువు, ధర పెట్టుకోవచ్చు. లేబుళ్లు ఉంటాయి, మా చెల్లెలు మూడే పెట్టింది: కొత్త ఆర్డర్, డబ్బు రావాలి, పంపేశాం. రోజుకి పదిసార్లు అడిగే "గోంగూర ఎంతండీ" లాంటి ప్రశ్నకు జవాబు ముందే రాసిపెట్టుకునే సదుపాయం ఉంది. ఇంట్లో వాళ్లు ఇంకో ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో చూసుకోవడానికి మరో నాలుగు పరికరాల దాకా కలపొచ్చు.

కానీ సొంత నంబర్ మీద మాత్రం పెట్టకండి. వేరే సిమ్ తీసుకోండి. అత్తగారి ఫ్యామిలీ గ్రూపూ, ఆర్డర్లూ ఒకే చోట ఉంటే ఏదో ఒకటి మునుగుతుంది.

సొంత వెబ్‌సైటు, ఆన్‌లైన్ స్టోరు అంటూ నెలనెలా చందా కట్టే వాటి జోలికి ఇప్పుడే వద్దని చెప్పాను. వాటిలో డబ్బు, కస్టమర్ ఆన్‌లైన్‌లో కట్టింది మన ఖాతాకి చేర్చే పేమెంట్ గేట్‌వే ద్వారా వస్తే సుమారు 2 శాతం కోత, దాని మీద జీఎస్టీ. క్యూఆర్ కోడ్‌కి బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వచ్చే యూపీఐ డబ్బు మీద 2020 జనవరి నుంచి వ్యాపారికి చార్జీ లేదు. కౌంటర్ మీద అరిచే సౌండ్ బాక్స్‌కి మాత్రం నెల అద్దె ఉంటుంది. ఇంట్లో కూర్చుని పార్సిళ్లు కట్టేవాళ్లకు ఆ అరుపు ఎందుకు? జనం తోసుకునే కౌంటర్‌కి మాత్రం అది కావాలి. స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్లు మాకూ తగిలారు.

షాపు ఎక్కడుందో మ్యాప్‌లో చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా ఫ్రీయే. ఒక సాయంత్రం పని. పెట్టుకోండి, అంతకు మించి చెప్పేదేమీ లేదు.

కౌంటర్ బిల్లింగ్: వ్యాపార్, జోహో, ట్యాలీ

ఇక నాలాంటి వాళ్ల సంగతి. జీఎస్టీ ఉంది, స్టాకు ఉంది, సాయంత్రం ఆరు దాటితే కౌంటర్ దగ్గర క్యూ ఉంటుంది.

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. రెడీమేడ్ బట్టలకు అంతకుముందు పీసు వెయ్యి లోపు 5 శాతం, దాటితే 12. ఆ రోజు నుంచి 2500 లోపు 5 శాతం, దాటితే 18. దసరా అమ్మకాల ముందు వచ్చిన ఈ మార్పు సాఫ్ట్‌వేర్‌లకు పెద్ద పరీక్ష అయింది. ఎందుకంటే పన్ను వస్తువుని బట్టి కాదు, అమ్మిన ధరని బట్టి. పన్ను కలపకముందు 2700 ఉన్న డ్రెస్‌కి 10 శాతం తగ్గింపు ఇస్తే 2430 అవుతుంది, అంటే 5 శాతం చాలు, 121 రూపాయల 50 పైసలు. సాఫ్ట్‌వేర్ ఆ వస్తువుకి 18 శాతం అని బిగించుకుని కూర్చుంటే 437 రూపాయల 40 పైసలు పడుతుంది. ఒక్క డ్రెస్ మీద 316 రూపాయల తేడా. అది కస్టమర్ దగ్గర తీసుకుంటే గొడవ, మనం భరిస్తే నష్టం.

అందుకే బట్టల షాపువాళ్లూ చెప్పుల షాపువాళ్లూ ఏ సాఫ్ట్‌వేర్ డెమో చూసినా మూడు బిల్లులు వేసి చూడండి: 2450ది ఒకటి, 2550ది ఒకటి, తగ్గింపు ఇచ్చాక 2500 కిందకి దిగేది ఒకటి. మూడోది తప్పితే ఆ సాఫ్ట్‌వేర్ ఎంత చౌకైనా మీకు కాదు. కిరాణా, హార్డ్‌వేర్ వాళ్లకు ఈ తలనొప్పి లేదు, వస్తువుకి రేటు ఒకటే ఉంటుంది.

వ్యాపార్ అనే బిల్లింగ్ యాప్ చిన్న షాపులని చూసి చేసినట్టే ఉంటుంది. ఫోన్‌లో ప్రాథమిక బిల్లింగ్‌కి డబ్బు అడగదు. కంప్యూటర్‌లో వాడాలన్నా, ఫోన్‌నీ కంప్యూటర్‌నీ కలపాలన్నా ఏటా చందా. నెట్ లేకపోయినా బిల్లు పడుతుంది, మా బజారులో అది చిన్న విషయం కాదు. అకౌంట్స్ చదవని కుర్రాడు కూడా రెండు రోజుల్లో నేర్చుకుంటాడు. కొనే ముందు మాత్రం ట్యాలీకి (ఆడిటర్లు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్) ఎగుమతి, జీఎస్టీ రిపోర్టులు మీరు తీసుకునే ప్లాన్‌లోనే ఉన్నాయా, పై ప్లాన్‌లోనా అని అడగండి.

జోహో మన పక్కన చెన్నై కంపెనీ. బిల్లులు వేసే జోహో ఇన్‌వాయిస్ పూర్తిగా ఫ్రీ. లెక్కల పుస్తకాలు నడిపే జోహో బుక్స్‌లో చిన్న టర్నోవర్ ఉన్నవాళ్లకు ఫ్రీ ప్లాన్ ఉంది. నెట్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ కాబట్టి ఆడిటర్ గారికి లాగిన్ ఇచ్చేస్తే ఆయన ఆఫీసు నుంచే చూసుకుంటారు, పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగే పని ఉండదు. నెలకి ఇరవై, యాభై బిల్లులు వేసే డిజైనర్లు, ట్యూషన్ సెంటర్లు, ఏసీ రిపేర్ వాళ్లు ఇంకేమీ చూడనక్కర్లేదు. పండగ సాయంత్రం క్యూలో బార్‌కోడ్ కొట్టి పంపే కౌంటర్‌కి మాత్రం నేను దీన్ని పెట్టను. నెట్ ఆగితే కౌంటర్ ఆగుతుంది.

ట్యాలీ ఖరీదు. ఒక్క కంప్యూటర్‌కి లైసెన్స్ 20 వేలకు పైమాటే, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఏటా రెన్యువల్ వేరే. నెలవారీ అద్దె పద్ధతి కూడా ఉంది. "చౌక సాఫ్ట్‌వేర్‌ల పోలికలో దీన్నెందుకు తెచ్చావు" అంటారా? మన ఊళ్లలో చాలామంది ఆడిటర్లు పని చేసేది ట్యాలీలోనే. మీరు ఏ యాప్‌లో రాసినా చివరికి అక్కడికే చేరాలి. యాప్ నుంచి ట్యాలీకి ఎక్కించడానికి ఆడిటర్ ఆఫీసు కుర్రాడు ఏటా తీసుకునే డబ్బు కూడా లెక్కలో వేసుకోండి. హోల్‌సేల్, ఏజెన్సీ వ్యాపారమైతే, అకౌంటెంట్‌ని జీతమిచ్చి పెట్టుకున్నవాళ్లయితే ట్యాలీ కొనేయడమే చౌక. ధరని బట్టి పన్ను స్లాబు మార్చే ఏర్పాటు కూడా అందులో ఉంది. నేర్చుకోవడానికైతే ఎడ్యుకేషన్ మోడ్ ఫ్రీ, కానీ అందులో నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి. దాంతోనే షాపు నడుపుదామని చూసిన మహానుభావుడు మా బంధువుల్లోనే ఉన్నాడు.

పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించే క్రాక్ కాపీల మాట ఎత్తొద్దు. రేట్లు మారిన రోజు అప్‌డేట్ రాదు, దాంతో పాటు ఏ వైరస్ వస్తుందో తెలియదు, పోయేది మొత్తం బాకీల చిట్టా.

నేను తీసుకున్నది కంప్యూటర్‌లో నడిచే ఏడాది చందా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. మూడో బిల్లు పరీక్షలో నెగ్గింది కాబట్టి తీసుకున్నాను. నెలాఖరుకి ఎక్సెల్ దించి ఆడిటర్ గారికి మెయిల్ చేస్తాను.

ప్రింటర్ సంగతి చాలామంది చివర్లో చూస్తారు, నేనూ అలాగే దెబ్బతిన్నాను. చౌక థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి తెలుగు అక్షరాలు సొంతంగా తెలియవు, సాఫ్ట్‌వేర్ బిల్లుని బొమ్మలా పంపితేనే తెలుగు పడుతుంది. కొనే చోటే "చొక్కా", "స్కూల్ డ్రెస్" అని కొట్టించి వత్తులు సరిగా పడ్డాయో లేదో చూడండి. మాకు మొదటి నెలంతా చొక్కాలు "చొకా" అనే అమ్ముడుపోయాయి. రెండు అంగుళాల కాగితం కిరాణాకి చాలు. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు రకానికి జీఎస్టీలో ఉండే నంబర్), పన్ను విడివిడిగా చూపించాలంటే మూడు అంగుళాలది తీసుకోండి.

ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్, ఇష్టపడేవాళ్లకు స్టాకు, కొనుగోళ్లు, లెక్కలు అన్నీ ఒకేచోట చూసుకునే ఈఆర్‌పీ నెక్స్ట్ ఉంది, ముంబై కంపెనీ ఫ్రాపే చేసింది. సాఫ్ట్‌వేర్ ఉచితమే, కానీ సర్వర్ నడపడం తెలిసిన మనిషి కావాలి, ఆ మనిషి ఉచితం కాదు. చిన్న తయారీ యూనిట్‌కి బాగుంటుంది, కౌంటర్ షాపుకి అంత అవసరం లేదు. లెక్కలు రాసుకునే గ్నూక్యాష్ మంచి సాఫ్ట్‌వేరే గానీ మన జీఎస్టీ దానికి తెలియదు. ఇక మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన వేరు: ఎవరు, ఎప్పుడు, ఏ ఎంట్రీ మార్చారో చెరపలేని విధంగా నమోదు చేసే సాఫ్ట్‌వేరే వాడాలి. ఎక్సెల్ పనికిరాదు.

ఎక్కించే ముందు

ఏది నచ్చినా డబ్బు కట్టకముందు ఇలా చేయండి. పది బిల్లులు వేయండి. ఒకటి క్యాన్సిల్ చేయండి, ఒకటి రిటర్న్ తీసుకోండి. ఎక్సెల్‌లోకి దించి ఆడిటర్ గారికి పంపి, "ఇది చాలా సార్?" అని అడగండి. తర్వాత యాప్‌ని తీసేసి మళ్లీ ఎక్కించండి. పది బిల్లులూ తిరిగి వస్తే అప్పుడు ముందుకు వెళ్లండి.

మారడానికి మంచి రోజు ఏప్రిల్ 1. అది దాటిపోతే కనీసం మూడు నెలల లెక్క (క్వార్టర్) కొత్తగా మొదలయ్యే రోజు చూసుకోండి. మొదటి నెల పాత పుస్తకం కూడా పక్కన నడవాలి, రెండు సార్లు రాయడం విసుగే గానీ తప్పదు. ఓపెనింగ్ స్టాకు లెక్కపెట్టడానికి ఒక ఆదివారం చాలు అంటారు అమ్మేవాళ్లు. మా షాపులో మూడు రోజులు పట్టింది. చివరికి పుస్తకంలో ఉండి అరలో లేని చొక్కాలు 11 తేలాయి. మా ఆవిడ వాటిని ఓపెనింగ్ స్టాకులోంచి కొట్టేసింది. నేను మాత్రం పండక్కి బంధువుల పిల్లలు ఏ చొక్కా వేసుకొచ్చినా ఒకసారి కాలర్ వెనక లేబుల్ చూస్తున్నాను.